మీసం లేని నాయన

2024 మే 19, ఆదివారం, ఉదయం తొమ్మిదిన్నర గంటలు. కదిరిలో ఒక ఆసుపత్రి ఎదుట టీ అంగడి బెంచీ మీద కూర్చుని ఉన్నాను. ముందురోజు తాతకు ఊపిరి ఆడకపోతే నాయన అక్కడ చేర్పించాడు. తెల్లవారినప్పటి నుంచి నాయన ఫోన్ మోగడం లేదు. పది గంటల వరకు లోపలికి పంపేది లేదని గేటు దగ్గరి మనిషి చెప్పాడు. మా ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనొక్కదాన్నే కనుక, డాక్టరుతో మాట్లాడే పని నాకు అప్పగించి అమ్మ మొదటి బస్సుకు పంపింది. అడగవలసిన ప్రశ్నలు దారి పొడవునా వల్లె వేసుకున్నాను. బెంచీ మీద కూర్చునేసరికి ఒక్కటీ గుర్తుకు రాలేదు.

టీ కాచే ఆయన, ఒక ఆటో డ్రైవరు తమ తమ హీరోల సినిమాల మీద వాదులాడుకుంటున్నారు.

"అరవై దాటినోడు పుస్తకం పట్టుకోని కాలేజీకి పోతాంటే నీకు నగు రాలేదా అప్పా?" అన్నాడు టీ ఆయన.

"మా హీరో యాడికైనా పోతాడు, నీకేం నొప్పి? మీవోడు చీర కట్టుకోని అవ్వ వేషం ఏసినాడే, ఆ గొంతు వినలేక మా ఇంట్లో టీవీ ఆపేసినారు."

"గొంతు ఇడ్సిపెట్టు. నడక సూసినావా? అచ్చం మా అత్తే!"

"సరే, ఒకటి ఒప్పుకుంటా. వేషం కోసం మీసం తీసినాడు సూడు, అది ధైర్యం. నేనైతే తియ్యను. మా నాయన బతికుండాడు."

"సినిమావోళ్ళకు ఆ పట్టింపు యాడిది? మన తట్టు మీసం తీస్తే ఇంట్లో పెద్దాయన పోయినట్లే గదా."

ఆ మాట ముగియక ముందే గేటులోంచి నాయన బయటికి వచ్చాడు. మూతి మీద మీసం లేదు. నన్ను చూడగానే తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

తాత కోసం తెచ్చిన ఇడ్లీల క్యారియరు ఒళ్ళోంచి తీసి బెంచీ కిందికి నెట్టాను. టీ ఆయన స్టవ్ తగ్గించాడు. డ్రైవరు గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు. పరాయి మనిషి సైతం అలా లేచి నిలబడేసరికి నాకు ఇక అనుమానం మిగలలేదు.

"ఎప్పుడు పోయినాడన్నా పెద్దాయన?" అని డ్రైవరే అడిగాడు.

"యాడికి పోతాడు? లోపల ఉప్మా తింటాండాడు," అన్నాడు నాయన తువ్వాలు వెనకనుంచి. "ఫోన్‌లో చార్జింగ్ లేదు పాపా."

మా ఊళ్ళో వానల కోసం ఆడే నాటకంలో రాణి వేషం ఎప్పుడూ తాతదే. తెల్లవారి ఆయాసం తగ్గగానే, ఇకమీదట అది నువ్వే కట్టాలని నాయనను పట్టుబట్టాడట. రోగులకు గడ్డాలు గీయడానికి వార్డుకు వచ్చిన మనిషిని పిలిచి, తన కళ్ళ ముందే మీసం తీయించాడట.

"నేను పోయినంక ఎట్లాగూ తీస్తావు, అది నేను సూసేది లేదు గదా అన్నాడు," అన్నాడు నాయన, నేల చూస్తూ.

డ్రైవరు మళ్ళీ కూర్చున్నాడు. నేను బెంచీ కింది నుంచి క్యారియరు తీశాను.

తాత ఆ వారంలోనే ఇంటికి వచ్చాడు. రాణి వేషం ఇప్పుడు నాయనది. నాటకానికి ముందు ఆయన మీసం తీసిన రోజున, తాత ఎదుటే కూర్చుని తింటున్నా, చావు జరిగిన ఇంట్లో లాగా అమ్మ అన్నం తినదు.