లేని చప్పుడు

ఏడేళ్ళుగా నేనొక చప్పుడు మోస్తున్నాను. లేని చప్పుడు. నా కారులో ఎన్నడూ పుట్టని చప్పుడు. దాన్ని పుట్టించింది నా నోరు. బరువుందని తెలుస్తూనే ఉండేది, ఎంతుందో తెలిసేది కాదు. పోయిన నెల తెలిసింది. అప్పటి నుంచి ఉన్నట్టుండి చేతిలో గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోతున్నాను. ఎవరికైనా చెప్పాలి. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు.

మాది లాల్‌దర్వాజా. చార్మినార్ సందుల్లో కట్‌పీస్ బట్టల దుకాణం. నేను గద్దె మీదే పాకాను, గద్దె మీదే పెరిగాను. వచ్చినవాళ్ళు గుడ్డను వెలుతురుకు పట్టి "నేత పల్చగుంది", "రంగు పోతది" అని ముఖం చిట్లించి, చివరికి ఆ గుడ్డే చింపించుకుని పోయేవారు. అది తిట్టు కాదని మాకు తెలుసు. పద్ధతి. "నచ్చినట్టు ముఖంల కనవడ్డదంటే సగం ఓడినట్టే" అనేవాడు మా బాపు. ఆ పాఠం నాకు ఎంత బాగా వంటపట్టిందంటే, పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిన సంతోషం దాచుకోలేక, పెట్టిన మిర్చి బజ్జీల్లో ఉప్పు తక్కువైందన్నాను. మా ఆవిడ ఇంకా మర్చిపోలేదు.

అలాంటి నాకు కారు పిచ్చి పట్టింది. మామూలు కారు కాదు. పాతకాలపు బొమ్మల్లో ఉండే రకం: ఇద్దరికే చోటు, పైన కప్పు లేదు, పొడుగు బానెట్, గుండ్రటి దీపాలు. ఎవరో సరదాపడి మొదలుపెట్టి సగంలో వదిలేసిన బండి. ఇనుప పైపుల చట్రం మీద ఫైబర్ ఒళ్ళు, ఏదో పాత కారు ఇంజిన్. ఎంత తేలికంటే, ఇద్దరం కలిసి వెనకవైపు ఎత్తి పక్కకు జరపగలం. దాన్ని తెచ్చిన రోజు మా సందంతా బయటికొచ్చింది. "తొట్టికి చక్రాలు వెట్టిచ్చినవా సేఠ్?" అని పాలాయన అడిగాడు. అందులో కూర్చుంటే ఆటో సైలెన్సరు సరిగ్గా నా ముక్కు దగ్గరికి వస్తుంది. మేకలు నన్ను కిందికి చూస్తాయి.

దాన్ని కారుగా చేసింది ఉస్తాద్. పేరు రాయను. మా ఇంటికి నాలుగు సందుల అవతల రేకుల షెడ్డు. అరవై దాటిన మనిషి, మోచేతుల దాకా గ్రీజు, గడ్డానికి గోరింట. ఆ ఇంజిన్‌కు రెండు కార్బురేటర్లు. రెండూ సమానంగా గాలి పీల్చాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ పీలిస్తే బండి కుంటుతుంది. దానికి కొలిచే మీటర్లున్నాయి. ఉస్తాద్ దగ్గర మాత్రం మూరెడు రబ్బరు ట్యూబు ఉండేది. ఒక కొస కార్బురేటర్ మూతి దగ్గర, ఇంకో కొస తన చెవిలో. ముందు షెడ్డులో ఫ్యాను కట్టేయించేవాడు. కళ్ళు మూసుకునేవాడు. ఒక దాని ఊపిరి విని, రెండో దాని ఊపిరి విని, స్క్రూను వెంట్రుకవాసి తిప్పి, మళ్ళీ వినేవాడు. అలా ఎంతసేపు? చాయ్ చల్లారి మీగడ కట్టేదాకా. నేను గోడకు ఆనుకుని చూసేవాణ్ణి. మసీదులోనో గుడిలోనో నిలబడ్డట్టు ఉండేది. ఆ మాట ఆయనకు ఎన్నడూ చెప్పలేదు. చెబితే సగం ఓడినట్టే కదా.

ఆ రోజు ఆదివారం, పొద్దున. ట్యూనింగ్ అయిపోయింది, ఒక చుట్టు తిప్పుకుని రమ్మన్నాడు. జల్‌పల్లి వైపు ఖాళీ రోడ్డు ఎక్కాను. మూడో గేరులో కాలు నొక్కానో లేదో, బండి లేచింది. లాగడం కాదు అది. వీపు వెనక ఎవరో అరచేయి పెట్టి మెత్తగా నెట్టినట్టు. ఎక్కడా తడబాటు లేదు, దగ్గు లేదు. మలుపులో స్టీరింగు మీద వేలు కదిపితే చాలు, ముందు చక్రాలు నా మనసు చదివినట్టు తిరిగాయి. నవ్వాను. ఒక్కణ్ణే, పళ్ళన్నీ బయటపెట్టి, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. అంత సుఖం నా బతుకులో మళ్ళీ తగల్లేదు.

షెడ్డు మలుపు దగ్గర ఆపాను. అద్దంలో ముఖం చూసుకున్నాను. నవ్వు తుడిచేశాను.

ఎందుకు? ఇది మీరు నమ్మరు. బానెట్‌కు పైనుంచి కట్టే తోలు పట్టీ ఒకటి వదులైంది. దాన్ని కొసరుగా బిగించి ఇస్తాడేమోనని. అడిగితే ఊరికే బిగించేవాడు. కానీ అడగడం మాకు రాదు. ముందు సరుకులో తప్పు పట్టాలి, ఆ తర్వాత కొసరు లాగాలి. అదే వరస.

"ఎట్లుంది సేఠ్?" అన్నాడు, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ. ఆయన ముఖం వెలుగుతోంది. తన పని ఎలా కుదిరిందో ఆయనకు తెలుసు.

"మంచిగనే ఉంది ఉస్తాద్. గానీ, ఎడమ దిక్కు ఏందో చిన్నగ టిక్కుటిక్కుమంటుంది."

పకపకా నవ్వాడు. "గది నీ దిల్ సేఠ్. మస్తు ఉరికించినట్టున్నవ్."

"నవ్వకు. ఇంజిన్‌లనే."

ఆయన నవ్వు ఆగింది. ఫ్యాను కట్టేయించాడు. ట్యూబు తీశాడు. విన్నాడు. అలాంటి చప్పుడు పుట్టేది అక్కడేనని ట్యాపెట్ల మూత విప్పి సందులు కొలిచాడు, బిగించాడు, మళ్ళీ విన్నాడు. నేనప్పుడైనా పట్టీ మాట ఎత్తి ముగించాల్సింది. కానీ నా మాటను ఆయన అంత గట్టిగా తీసుకుంటాడనుకోలేదు; మా దుకాణంలో ఇలాంటి మాటకు జవాబు ఇంకో మాట, అంతే. ఇక్కడ మాటకు ఇంజిన్ విప్పాడు. వెనక్కి తీసుకుంటే అబద్ధాలకోరునవుతాను. రెండోసారి అడిగితే, "తగ్గింది గానీ పోలే" అన్నాను. బేరంలో మెట్టు దిగినట్టు! ఎంత తెలివి!

మూడోసారి విని లేచాడు. దగ్గరికొచ్చి, గొంతు తగ్గించాడు.

"సేఠ్, బేరం పక్కకు వెట్టు. సచ్ బోల్. నీకు వినవడ్తుందా?"

నన్ను ఎరిగిన మనిషి. నిజం చెప్పడానికి తలుపు తానే తెరిచి పట్టుకున్నాడు. నేను బయటికి నడిస్తే సరిపోయేది.

"వినవడ్తుంది ఉస్తాద్."

"గిప్పుడు గూడ?"

"గిప్పుడు గూడ."

ఆయన ట్యూబును చెవిలో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు. కళ్ళు తెరిచాక నన్ను చూడలేదు, ట్యూబును చూశాడు.

"నాకు వినవడ్తలేదు" అన్నాడు.

తర్వాత ఏం చేశాడో తెలుసా? సూది, దారం తెచ్చి ఆ తోలు పట్టీ బిగించాడు. నేను అడగనే లేదు. "గిదన్న సక్కగ చేస్త" అన్నాడు.

కొసరు దొరికింది. ఇంటికొచ్చాను.

కొన్నాళ్ళకు ఉస్తాద్ ట్యూనింగ్ మానేశాడని విన్నాను. ఇంకొన్నాళ్ళకు షెడ్డు మూసేశాడన్నారు. మోకాళ్ళ నొప్పులయి ఉంటాయనుకున్నాను. నిజంగా అనుకున్నానా? అనుకోవాలని అనుకున్నాను. కనుక్కోవడానికి నాలుగు సందులు నడిస్తే చాలు. నడవలేదు. ఆదివారాలు కారు తీసేవాణ్ణి. నూనె, ప్లగ్గులు నేనే మార్చుకునేవాణ్ణి. ఆయన పెట్టిన స్క్రూల జోలికి పోలేదు. దాదాపు ఏడేళ్ళు అవి చెక్కుచెదరలేదు.

ఈ ఏడు బండి దగ్గడం మొదలుపెట్టింది. నది అవతల ఒక పెద్ద గ్యారేజీకి తీసుకెళ్ళాను. మీటర్లు పెట్టి చూసి, కుడివైపుది గాలి ఎక్కువ లాగుతోందన్నాడు అక్కడి మెకానిక్. చేయి మాత్రం పెట్టలేదు. "గిది సెట్ చేసినాయన ఎవరో గాని, ఆయన దగ్గరికే పో అన్నా. నేను ముట్టుకుంటే ఖరాబైతది" అన్నాడు.

ఉస్తాద్ జల్‌పల్లిలో అల్లుడి టైర్ల దుకాణంలో కూర్చుంటున్నాడని తెలిసి, పోయిన నెల వెళ్ళాను. రోడ్డు పక్క స్టూలు మీద ఉన్నాడు. బండిని ఆయన పక్కకే తెచ్చాను, ఇంజిన్ ఇంకా ఆపలేదు. ఆయన తల ఇటు తిప్పకుండానే, తనలో తాను అనుకున్నట్టు, "కుడిది ఎక్కువ గుంజుతుంది" అన్నాడు. అల్లుడు చెబితే కాదు, నా చెవులతో నేనే విన్నాను. మీటరు చెప్పిందే చెప్పాడు. ట్యూబు కూడా లేకుండా.

మరుక్షణం నన్ను గుర్తుపట్టి, తల అడ్డంగా ఊపాడు. "నా చెవి మాట వట్టుకోకు సేఠ్. గది ఎప్పుడో పోయింది."

మిగతాది అల్లుడు చెప్పాడు. ఆ ఆదివారం తర్వాత ప్రతి బండిలోనూ ఉస్తాద్ ఆ టిక్కుటిక్కును వెతికాడట. దొరక్కపోతే తన చెవిదే తప్పనుకుని, బాగున్న బండ్లను కూడా తిప్పి తిప్పి చెడగొట్టాడట. ఆ బండ్లవాళ్ళు తిరిగొచ్చి లొల్లి చేసేసరికి అనుమానం రూఢి అయిందట. కూతురు ఆయన్ను చెవుల డాక్టరుకు చూపిస్తే, వయసుకు చెవి భేషుగ్గా ఉందన్నాడట డాక్టరు. ఉస్తాద్ నమ్మలేదట. కారు నడిపినవాడికి వినపడింది కదా అన్నాడట.

నేను నిలబడే ఉన్నాను. ఉస్తాద్ చాయ్ తెప్పించాడు. నా చేయి పట్టుకున్నాడు.

"అందరు నా ముఖం జూసి దాచిన్రు సేఠ్. నువ్వొక్కనివే నిజం చెప్పినవ్. లేకుంటే ఇంక ఎందరి బండ్లు ఖరాబు చేస్తుంటినో."

అప్పుడు చెప్పానా? లేదు. ఆ చాయ్ తాగాను. చివరి గుక్క దాకా తాగి, సలాం చెప్పి, దగ్గుతున్న బండిని నడుపుకుంటూ వచ్చేశాను. దారి పొడుగునా చెవులు పనిచేయలేదు. నావి.

కారు అలాగే ఉంది. ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు. ఆ తోలు పట్టీ కుట్టు ఒక్కటి కూడా ఊడలేదు. రోజూ పొద్దున దాన్ని ముట్టుకుని చూస్తున్నాను.

ఇంకో సంగతి కూడా దాచకూడదు. ఇది తెలుగులో రాస్తున్నాను. ఉస్తాద్ తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ చదవలేడు. ఆయన చదువు ఉర్దూది. అది తెలిసే ఈ భాషలో కూర్చున్నాను. చూశారా? ఒప్పుకునేటప్పుడు కూడా నా కొసరు నేను పక్కకు తీసిపెట్టుకున్నాను. ఎదురుగా వెళ్ళి చెబుతానా? తెలియదు. ఇన్నేళ్ళు ఎరిగిన నన్ను నేను ఎలా నమ్మను?

కానీ ఒక్క మాట బేరం లేకుండా రాయాలి. ఇంతవరకూ ఎక్కడా రాయలేదు, ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ రోజు నా కారులో ఏ చప్పుడూ లేదు. ఉస్తాద్ సరిగ్గానే విన్నాడు.