లొరైన్ చేతులు

మా బడి వంటగదికీ భోజనాల హాలుకీ మధ్య ఒక పెద్ద కిటికీ ఉంది. పిల్లలకు ట్రేలు అందించేది అక్కడినుంచే. ఏళ్ల తరబడి గ్రేవీ గరిట పట్టుకుని ఆ కిటికీలో నిలబడ్డదాన్ని కనుక, ఏ పిల్లాడు బఠాణీలు బల్ల కింద పారేస్తాడో, ఏ టీచరు కస్టర్డు రెండోసారి అడుగుతుందో నాకు తెలుసు. ఇక నా స్నేహితురాలు లొరైన్ చేతుల సంగతి నాకంటే తెలిసినవాళ్లు ఫ్లీట్‌వుడ్ ఊరు మొత్తంలో లేరు.

మేమిద్దరం బడి వదిలిన ఏడాదే రేవు దగ్గర చేపల షెడ్డులో పనికి చేరాం. నేనొక చేపకు ముల్లు తీసేలోపు తను మూడు తీసి, నా కత్తి కూడా కడిగి పెట్టేది. షెడ్డు మూతపడ్డాక ఈ బడికొచ్చాం. నేను వంటగదిలో కుదురుకున్నాను. తను మధ్యాహ్నం పూట పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే పనిలో చేరింది. ఎవడి ముక్కు కారినా, ఎవడి బూటు తాడు ఊడినా ముందు చేరేది లొరైన్ చెయ్యే. ఆ చేతులు చూసే హెడ్ మిసెస్ ప్రాక్టర్ తనకు జెన్సన్‌ని అప్పగించింది.

జెన్సన్‌కి ఎనిమిదేళ్లు. పుట్టుకనుంచీ ఎడమ కాలు ఈడుస్తాడు, ఎడమ చెయ్యి వాడి మాట వినదు. నోటికి మాత్రం ఏ జబ్బూ లేదు. లొరైన్ వాణ్ణి కంటికి రెప్పలా చూసుకుంది. ట్రే మోసేది తనే, సాసేజి కోసేది తనే, ఎవరైనా వాడి పేరడిగితే చెప్పేది కూడా తనే.

మా పిల్లలకొక అలవాటుంది. హాల్లో ఎవరైనా ప్లేటు పడేస్తే అందరూ కలిసి "వేఁ...య్" అని అరుస్తారు. పబ్బులో గ్లాసు పగిలితే వాళ్ల నాన్నలు చేసేదీ అదే. పడేసినవాడు సిగ్గుపడి, ఒంగి ఒక దండం పెట్టి, నవ్వేస్తాడు, అంతటితో అయిపోతుంది. కొత్తలో ఒకసారి జెన్సన్ కప్పు జారవిడిస్తే వాడికీ అలాగే అరిచారు. లొరైన్ ఆడపులిలా తిరగబడింది. "ఇంకోసారి ఈ పిల్లాణ్ణి చూసి నోరు విప్పారంటే ఆ నోట్లోకి పుడ్డింగు పోదు, ఏమనుకున్నారో" అంది. పుడ్డింగు దక్కదంటే పిల్లలు ఎంత మాటైనా వింటారు. ఆ తర్వాత జెన్సన్ జోలికి ఎవరూ రాలేదు. వాడి బల్ల దగ్గరకు కూడా రాలేదు.

ఇదిలా ఉండగా లొరైన్‌ని అప్రెంటిస్‌గా పెట్టారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు తోడుండే సహాయ ఉపాధ్యాయురాలు కావాలంటే పని చేస్తూనే చదవాలి, చివర్లో బయటనుంచి ఒక మనిషి వచ్చి, పని చూసి పాసో ఫెయిలో తేలుస్తాడు. నలభై ఏడేళ్ల అప్రెంటిస్‌ని నేనెక్కడా చూళ్లేదు. తనతో ఆ మాటే అంటే గరిట లాక్కుని కొట్టబోయింది.

శరదృతువులో ఆ మనిషి వచ్చాడు. పేరు లింగార్డ్, మెత్తటి గొంతు. లొరైన్ ఆయన కళ్లముందే జెన్సన్‌కి కోటు తొడిగి, ట్రే తెచ్చి, ముక్కలు కోసి, మూతి తుడిచింది. అంతా అయ్యాక ఆయన, "మీరు చాలా బాగా చూసుకున్నారు. కానీ ఈ గంటలో ఆ అబ్బాయి ఏం చేశాడో నాకు కనబడలేదు" అన్నాడు.

ఫెయిల్. ఇంకొక్క అవకాశం ఉందనీ, అదీ పోతే వచ్చే సెప్టెంబరుకు జెన్సన్ దగ్గరకు వేరే మనిషిని తీసుకోక తప్పదనీ హెడ్ చెప్పింది. ఆ రోజు లొరైన్ నా వంటగదిలో బంగాళాదుంపల బస్తా మీద కూర్చుని ఏడ్చింది. నాకు ఆ మెత్తగొంతువాడి మీద ఒళ్లు మండిపోయింది.

జెన్సన్ లాంటి పిల్లల చదువు చూసే నుస్రత్ మిస్ తనకు ఎదర పెద్ద జేబున్న ఏప్రన్ ఒకటి కుట్టి తెచ్చింది. "చేతులు ఇందులో పెట్టుకో. సాయం చెయ్యబుద్ధేసినప్పుడల్లా బయటికి తియ్యకుండా కాసేపు ఆగు" అంది.

నేను ఊరుకుంటానా? "ఊరుకున్నంత ఉత్తమం లేదని తెలుసుకోడానికి నీకు చదువు కావాల్సొచ్చిందటే?" అన్నాను.

"నీకేం, నువ్వు గరిట పట్టుకుంటావు. నేనేం పట్టుకోను, బెవ్?" అంది.

చలికాలమంతా హాలు ఖాళీ అయ్యాక లొరైన్, జెన్సన్ ఇద్దరూ అభ్యాసం చేశారు. ముందు ఖాళీ ట్రే, తర్వాత దానిమీద ప్లేటు, ఆ తర్వాత నీళ్ల కప్పు. జెన్సన్ ట్రే అంచును కుడిచేత్తో పట్టి, ఎడమ ముంజేతిని కిందకు ఆనించి నడుస్తుంటే లొరైన్ రెండడుగుల వెనక చేతులు జేబులో కుక్కుకుని నడిచేది.

"మిస్, మీ చేతులు జైల్లో ఉన్నాయా?" అని అడిగాడు వాడు.

"అవును నాన్నా. నువ్వు బల్ల దగ్గర కూర్చుని విడుదల అంటేనే బయటికి."

అప్పట్నుంచీ అదొక ఆట. వాడు కూర్చునేవాడు, వెనక్కి తిరిగేవాడు, "విడుదల" అని జడ్జీలా చెప్పేవాడు. అప్పుడే ఆ చేతులు బయటికొచ్చేవి. నిండు హాల్లో మాత్రం ఎప్పుడూ చెయ్యలేదు.

మార్చిలో ఒక బుధవారం లింగార్డ్ మళ్లీ వచ్చాడు. బుధవారమంటే కోడి రోస్టు, గ్రేవీ. చేపల వేపుడు చేసే శుక్రవారం రాకూడదా అనుకున్నాను. కనీసం కారేదేమీ ఉండేది కాదు.

జెన్సన్ వరసలో నా ముందుకొచ్చాడు. గ్రేవీ కాస్తే వేశాను.

"ఇంకొంచెం, మిస్ బెవ్."

"చాల్లే, మళ్లీ వేస్తా."

"అందరికీ నిండా వేశారుగా."

వాడి వెనక లొరైన్ మొహం పాలిపోయి ఉంది. "వెయ్యవే" అంది, పెదవులు కదపకుండా. వేశాను.

వాడు బయల్దేరాడు. పాల డబ్బాలు దాటాడు. పెద్ద తరగతి కుర్రాడొకడు దారిలో కాళ్లు చాపుకుని ఉంటే, "కాళ్లు తియ్యి" అన్నాడు. తీశాడు. నా వెనక పొయ్యి మీద కస్టర్డు అడుగంటుతున్న వాసన వస్తోంది. వస్తే రానీ అనుకున్నాను. గోడవారగా లింగార్డ్ కాగితం మీద ఏదో రాసుకుంటున్నాడు.

సగం హాలు దాటాక కప్పు పక్కకు జారడం మొదలైంది. కప్పుతోపాటు ట్రే కూడా వాలింది. లొరైన్ మోచేతులు ఒక్కసారి ఎగిరిపడ్డాయి, జేబు ముందుకు ఉబ్బింది. ఒక్క అడుగేస్తే చాలు. చేపల షెడ్డులో నా చేతినుంచి జారిన కత్తిని గాల్లోనే పట్టుకున్న మనిషి తను. పట్టుకోగలదని నాకు తెలుసు, తనకూ తెలుసు. పట్టుకోలేదు.

ట్రే నేలకు కొట్టుకుంది. గ్రేవీ చింది గోడదాకా వెళ్లింది.

హాలంతా నోరు కట్టేసినట్టయింది. హెడ్ అప్పటికే కుర్చీలోంచి లేస్తోంది. నేను నేల తుడిచే కర్ర అందుకున్నాను. జెన్సన్ నిలబడి, ఒక్కో బల్లనూ చూశాడు. ఎటు చూస్తే అటు పిల్లలు తల దించుకున్నారు.

"ఎవరూ అరవరేం?" అన్నాడు. "నిన్న మా క్లాసు పిల్ల పాపీ ప్లేటు పడేస్తే అరిచారుగా."

ఆ నోళ్లు మూయించింది ఎవరో హాల్లో అందరికీ తెలుసు. లొరైన్ ఒకసారి లింగార్డ్ వైపు చూసింది. తర్వాత చేతులు జేబులోంచి తియ్యకుండానే తల పైకెత్తి, రేవులో పడవవాళ్లను పిలిచే గొంతుతో "వేఁ...య్" అని అరిచింది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత హాలు మొత్తం అందుకుంది. కిటికీ అద్దాలు అదిరాయి. జెన్సన్ చెవులు ఎర్రబడ్డాయి. వంగి దండం పెట్టాడు, పెడుతూ మళ్లీ పడబోయాడు, దానికింకోసారి అరిచారు. నేనూ అరిచాను, అబద్ధమెందుకు.

వాడు తిన్నగా నా దగ్గరకొచ్చి వరసలో నిలబడ్డాడు. "మళ్లీ ఇవ్వండి. ఈసారి కప్పు వద్దు. నీళ్లు తిన్నాక తాగుతా." గ్రేవీ నిండా వేశాను.

ఈసారి హాలంతా వాణ్ణే చూస్తోంది. లొరైన్ రెండడుగుల వెనక కాదు, నా కిటికీ పక్కనే ఉండిపోయింది. వాడు గ్రేవీ మడుగును చుట్టి, మెల్లగా నడిచి, కాళ్లు చాపిన ఆ కుర్రాడి బల్ల దగ్గరే ఆగాడు. వాళ్లు జరిగి చోటిచ్చారు. కూర్చున్నాడు. "గోడదాకా చిమ్మావురా" అని ఆ కుర్రాడు మెచ్చుకున్నాడు. జెన్సన్ గోడ వైపు చెయ్యి చూపిస్తూ ఏదో గొప్పగా చెప్పడం మొదలుపెట్టాడు.

లింగార్డ్ మా దగ్గరకొచ్చాడు. "ఎందుకు అరిచారు?" అని అడిగాడు.

"వాడికి రావాల్సింది నేనే ఆపాను. నేనే ఇప్పించాలి కదండీ" అంది లొరైన్.

ఆయన అది రాసుకున్నాడు. పాసయినట్టు ఉత్తరం తర్వాత వచ్చింది కానీ, ఆయన కరచాలనానికి చెయ్యి చాచినప్పుడే నాకు తెలిసిపోయింది. లొరైన్ మాత్రం ఆ చెయ్యి అందుకోలేదు. తన చేతులింకా జేబులోనే ఉన్నాయి. కళ్లు ఆ బల్ల మీదే ఉన్నాయి. జెన్సన్ తింటున్నాడు, నవ్వుతున్నాడు. ఇటు తిరగనే లేదు.

"చేతులు తియ్యవే, ఆయన చెయ్యి చాచి నిలబడ్డాడు" అన్నాను.

"వాడింకా చెప్పలేదే" అంది లొరైన్.