బిగింపు బాబాయి కుట్టిన గోడ

ఆ వీధిలో ఎవరింటికి వెళ్ళి కూర్చున్నా, కూర్చున్నది ఆయన చేతిపని మీదే. ఇళ్ళలో సోఫాలు, డాక్టరు గారి గది బయట బల్లలు, బస్సు సీట్లు, మంగలి షాపులో తిరిగే కుర్చీ, చిరిగినవీ కుంగినవీ అన్నీ ఆయన దుకాణానికే వచ్చేవి. ఎంత కుంగిన సీటైనా సరే, స్ప్రింగులు మార్చి, ఫోమ్ పరిచి, పైన రెక్సిన్ లాగి మేకు దిగ్గొట్టాడంటే మద్దెల మూతే. పని అయ్యాక జేబులోంచి గోలీకాయ తీసి దాని మీద వదిలేవాడు. చెంగున ఎగిరిందా, సరుకు బయటికి. ఎగరలేదా, మేకులన్నీ ఊడబెరికి మళ్ళీ మొదలు. గిరాకీ నెత్తిమీద నిలబడి గోల పెట్టినా వినేవాడు కాదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. కాకపోతే ఈయన కుందేటికి నిజంగానే మూడు కాళ్ళుండేవి, అంత నిఖార్సైన పని.

అందుకే అందరికీ ఆయన బిగింపు బాబాయి. సొంత పేరు ఎవరికీ గుర్తులేదు. భార్యకైనా ఉందో లేదో, ఆవిడ కాపురమంతా ‘ఏవండీ’తోనే నెట్టుకొచ్చింది.

ఆవిడ అదే దుకాణంలో రెండో పక్కన మిషను మీద కర్టెన్లు కుట్టేది. కుచ్చుల పిన్ని అనేవారు. ఆయనది లాగే పని, ఆవిడది వదిలే పని. ‘తెగేదాకా లాగకూడదంటారు పెద్దలు. మా ఆయన తెగాక కూడా లాగుతారు’ అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేది. ఆయన నోట్లో మేకులు పెట్టుకుని ఉండేవాడు కాబట్టి బదులు చెప్పే వీలుండేది కాదు.

వాళ్ళకు ఒక్కతే కూతురు. పోస్టాఫీసులో కౌంటరు ఉద్యోగం. సెలవు రోజున బస్సెక్కి ఊరి అవతలున్న షూటింగ్ క్లబ్బుకు వెళ్ళి ఎయిర్ రైఫిల్ కాల్చేది. సరదాగా మొదలుపెట్టింది కానీ, అమ్మాయికి చేయి కుదిరింది. పది మీటర్ల దూరాన కాగితం మీద చుక్కంత నలుపు ఉంటుంది, అందులో పెల్లెట్ దించేది, అదే ఆ తుపాకీలో పెట్టే బుల్లి సీసం గుండు. పెద్ద పోటీకి మనుషుల్ని ఏరడానికి త్వరలో పరీక్ష పెడుతున్నారని, వారానికొక్క రోజు సాధన చాలదని, రోజూ ఇంట్లో కాల్చుకోవాలని అక్కడి కోచ్ మేడం చెప్పింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా.

‘తుపాకీ క్లబ్బుదే ఇస్తాను. కానీ కాగితం వెనకాల ఏముందనేదే అసలు సంగతి’ అందావిడ బాబాయితో. ‘పెల్లెట్ వెళ్ళిన చోటే ఆగిపోవాలి. దాటిపోకూడదు, వెనక్కి రాకూడదు. గుడ్డ పేలికలు వదులుగా నింపిన పెట్టె పెట్టండి. వెనకాల ఇటుక గోడ ఉండాలి. అటువైపు తలుపు గానీ కిటికీ గానీ ఉండకూడదు.’

‘ఆ మాత్రం దానికేం మేడం, కుట్టేస్తాను’ అన్నాడు బాబాయి.

దుకాణం వెనక, ఫోమ్ షీట్లు దాచే పొడుగాటి గది ఉంది. చివర గట్టి ఇటుక గోడ, కిటికీ లేదు. తలుపు ఇటుపక్క, కాల్చే మనిషి వెనకాల ఒక్కటే. టేపు పెట్టి కొలిస్తే పది మీటర్లు సరిగ్గా సరిపోయింది. గోడ ముందు తలుపంత పెద్ద పెట్టె బిగించాడు. అంతవరకూ వంక పెట్టడానికేమీ లేదు. కానీ వదులుగా నింపమన్న మాట ఉంది చూశారూ, వదులు అనేది ఆ దుకాణంలో బూతు మాటతో సమానం. బాబాయి చెవి ఆ మాటను లోపలికి రానివ్వలేదు. పేలికలు మోకాలితో తొక్కి కూరాడు. పైన బస్సు నేలకు వేసే రబ్బరు షీటు పరిచి, నాలుగు వైపులా పట్టకారుతో లాగి మేకులు కొట్టాడు. చివరికి అలవాటు కొద్దీ గోలీకాయ తీసి విసిరాడు. అది గది సగం దాకా ఎగిరొచ్చింది. ‘చూశావా బిగువు’ అన్నాడు పిన్నితో. పిన్ని చూసింది, అమ్మాయీ చూసింది. ముగ్గురూ మెచ్చుకున్నారు. గోలీ వెనక్కొస్తే పెల్లెట్ మాత్రం రాదా అని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. ఏళ్ళ తరబడి అది ఎగిరినప్పుడల్లా సంతోషించిన ఇల్లు మరి.

మొదటి పెల్లెట్టే వెనక్కి వచ్చింది. అమ్మాయి కళ్ళజోడు కుడి అద్దానికి తగిలి, అద్దం మీద గీత పడింది. కాల్చేవాళ్ళు పెట్టుకునే మందపాటి అద్దాలు కాబట్టి కన్ను దక్కింది. అమ్మాయి అరవలేదు. తుపాకీ కింద పెట్టి, కళ్ళజోడు తీసి, కన్ను మూసి తెరిచి చూసుకుంది. బాబాయి అద్దం మీది గీతను వేలితో తడిమి, గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. ఆయన చేత్తో కుట్టింది ఒక మనిషిని దెబ్బ కొట్టడం అదే మొదలు. ఆ మనిషి ఆయన కూతురు.

దెబ్బ తప్పింది కానీ భయం తప్పలేదు. ఆ వారం క్లబ్బులో అమ్మాయి కాల్చినవన్నీ చెదిరిపోయాయి. ట్రిగ్గరు నొక్కే ముందు రెప్ప వాల్చేస్తోందని కోచ్ మేడం కనిపెట్టింది. ‘గురి ఎక్కడికీ పోలేదు. కన్ను నమ్మడం లేదు, అంతే’ అంది. నమ్మమంటే నమ్ముతుందా కన్ను? దానికి ఎవరు చెప్పగలరు? ఇంటికొచ్చాక అమ్మాయి వాళ్ళమ్మతో వంటింట్లో మెల్లగా ‘ఇంక మానేస్తానమ్మా. తుపాకీ తిరిగిచ్చేస్తాను’ అనడం బాబాయి విన్నాడు. ఆ మాట దబ్బనంలా దిగింది. ఓడిపోయి మానేస్తే ఏదోలే అనుకోవచ్చు. తన మొండితనం వల్ల మానేస్తోంది. ఆ బాధ ఆయన ఎవరితో చెప్పుకోగలడు?

‘నాలుగు రోజులు ఆగు తల్లీ, ఆ తరవాత నీ ఇష్టం’ అన్నాడు, అంతే.

సంగతి తెలిసి పిన్ని తమ్ముడు దిగాడు. పాత ఇనుము కొట్టు ఆయనది. అడగని సలహా ఇవ్వకపోతే ఆయనకు అన్నం సయించదు.

‘నీ గుడ్డలూ రబ్బర్లూ ఎందుకు బావా? మందపాటి ఇనప పలక నిలబెట్టేయ్. ఏనుగొచ్చి గుద్దినా కదలదు.’

‘కదలకపోవడమే కదరా జబ్బు’ అన్నాడు బాబాయి. ‘కదలనిదాన్ని కొడితే కొట్టినవాడి మీదికే వస్తుంది. పలక అయితే పంపించు. దాన్నెక్కడ పెట్టాలో నేను చూసుకుంటాను.’

ఆ ముక్క ఆయనకు ఊరికే తెలియలేదు. ముందురోజంతా గోలీకాయ పట్టుకుని దుకాణంలో ఉన్న ప్రతిదాని మీదా వేసి చూశాడు. తాను బిగించిన సీట్లన్నిటి మీదా ఎగిరింది. చివరికి పిన్ని మిషను పక్కన కుప్పగా పడున్న కర్టెను మీద వేశాడు. గోలీ ఎగరలేదు, దొర్లలేదు, చప్పుడన్నది లేదు. మడతల్లో దిగి కూర్చుంది. ఆయన దాని కేసి కాసేపు చూసి, జీవితంలో మొదటిసారి పెళ్ళాన్ని పని నేర్పమని అడిగాడు.

‘వదులుగా ఎలా కుట్టాలో చెప్పు.’

పిన్ని మిషను ఆపింది. ఇలాంటి రోజొకటి వస్తుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. వేళాకోళం ఆడదామనుకుంది కానీ ఆయన మొహం చూసి మానేసింది.

‘వెడల్పు ఎంతుంటే అంతే గుడ్డ తీసుకుంటే బిగుసుకుంటుందండీ. దానికి రెండింతలు తీసుకోవాలి. పైన మాత్రమే కుట్టు. కింద దాని బతుకు దాన్ని బతకనివ్వాలి.’

పాత కంబళ్ళు తెచ్చి ఇద్దరూ కుచ్చులు పోసి కుట్టారు. ఆయన చేతులు ఊరుకుంటేనా? ఆవిడ అటు తిరగ్గానే కింది అంచు పట్టి లాగేవాడు. ఆవిడ చెక్క స్కేలుతో వేళ్ళ మీద ఒకటి వేసేది. ‘మెత్తనిదాన్ని చూస్తే మొత్తబుద్ధి మీకు’ అనేది. అలా తిట్లు తింటూనే, పాత పెట్టె ఖాళీ చేసి అందులో రెండో గోడ కట్టాడాయన. బావమరిది పంపిన పలకను అన్నిటికన్నా వెనక, ఇటుక గోడకు ముందు పెట్టాడు. నిటారుగా కాదు, పైభాగం ముందుకు ఒరిగేలా. ఏదైనా అంతదూరం వచ్చి తగిలినా కిందికే జారి, అడుగునున్న ఇసుక తొట్టిలో పడుతుంది. పలక ముందు కుచ్చుల కంబళ్ళు. వాటి ముందు పేలికలు, ఈసారి తొక్కకుండా, పొరలు పొరలుగా వదిలినవి. ప్రతి పేలికనూ ముందు అయస్కాంతం మీద దులిపాడు, పాత సీటు మేకులు ఉండిపోతాయేమోనని. గుండీలు, జిప్పులు, కొక్కేలు పిన్ని ఏరింది. అన్నిటికీ ముందు పల్చటి అట్ట. అట్ట మీద కాగితం.

అయ్యాక చూస్తే అది ఆయన దుకాణంలోంచి వచ్చిన సరుకులా లేదు. ముడతలు పడి, జారిపోతున్నట్టు, ఎవరో చేతకానివాడు నింపినట్టు ఉంది. ఆయన ఒక్క ముడత కూడా సరిచేయలేదు. నిజం చెప్పాలంటే, ఆయన బిగించిన వందల సీట్లలో నాకు కనబడని గొప్పతనం ఆ ముడతల్లో కనబడింది. పనిమంతుడు తన పనితనాన్ని పక్కన పెట్టి పని చేయడం మాటలు కాదు.

ఇంకో సంగతుంది. తాను కుట్టిన సీటు మీద ముందు తాను కూర్చోనిదే బాబాయి ఇంకొకరిని కూర్చోనిచ్చేవాడు కాదు. ఈ గోడ మీద కూర్చునేదెలా? క్లబ్బుకు వెళ్ళి, కొత్తవాళ్ళ వరసలో నిలబడి, తుపాకీ పట్టడం నేర్పమని కోచ్ మేడాన్ని అడిగాడు. గొట్టం ఎప్పుడూ ముందుకే ఉండాలని, కాల్చేదాకా వేలు ట్రిగ్గరు మీదికి పోకూడదని ఆవిడ చెబుతుంటే బుద్ధిగా విన్నాడు. ఈసారి ఏ మాటనూ వదల్లేదు. తరవాత ఒక పగలు దుకాణం మూసి, భార్యనీ కూతుర్నీ బయటే ఉంచి, అద్దాలు పెట్టుకుని, గది గడియ వేసుకుని ఒక డబ్బా పెల్లెట్లన్నీ కాల్చాడు. అమ్మాయి గుమ్మం బయట నిలబడి ప్రతి మోతకూ పైట కొంగు నలుపుతూనే ఉంది. గురి అంటే ఏమిటో ఎరగని మనిషి కావడం మేలైంది. ఆ పెట్టెలో ఆయన పెల్లెట్ తగలని మూల లేదు. ఒక్కటీ వెనక్కి రాలేదు.

తరవాత పెట్టె విప్పి, పేలికలు దుప్పటి మీద దులిపి, సీసం ముక్కల్ని ఏరి లెక్క చూశాడు. ఒకటి తక్కువైంది.

‘పోనీలెండి, ఒక్కటే కదా’ అంది పిన్ని.

‘ఆరోజు వచ్చింది కూడా ఒక్కటే.’

పిన్ని చీర చెంగు దోపుకుని నేల మీద కూర్చుంది. కంబళ్ళు దించారు, కుచ్చులు విప్పారు, ఇసుక జల్లించారు. పొద్దువాలుతుండగా కంబళి పై కుట్టులో, పిన్ని వేసిన కుచ్చు లోపల, గింజలా అణిగిన ముక్క దొరికింది. బాబాయి దాన్ని తెచ్చి మిగతా వాటిలో కలిపి, దుప్పటి కూతురు ముందుకు జరిపాడు.

‘అన్నీ ఇక్కడే ఉన్నాయి తల్లీ. నువ్వే లెక్క చూసుకో. కాల్చమని నేను అననుగాక అనను. తుపాకీ తిరిగిస్తానంటే నేనే మోసుకెళ్ళి ఇచ్చొస్తాను.’

అమ్మాయి లెక్క చూసింది. చేతులు కడుక్కొచ్చింది. మర్నాడు పోస్టాఫీసు నుంచి రాగానే కొత్త కళ్ళజోడు పెట్టుకుని గదిలోకి వెళ్ళింది. బాబాయి వెంట వెళ్ళబోతే ఆపింది.

‘నువ్వు బయటుండు నాన్నా. నువ్వుంటే నిన్నే చూస్తాను.’

తలుపు పడింది. లోపల గడియ పెట్టిన చప్పుడైంది. దుకాణంలో బాబాయి ఒక సీటు ముందు కూర్చున్నాడు కానీ సుత్తి ఎత్తలేదు. పిన్ని మిషను తొక్కలేదు. చాలాసేపు ఏమీ వినబడలేదు. మానేసిందనే అనుకున్నాడాయన. లేచి వెళ్దామా అని కూడా అనుకున్నాడు. అప్పుడు మొదటి మోత వచ్చింది, వెనకే గుడ్డల్లో పడ్డ మెత్తటి చప్పుడు. మళ్ళీ నిశ్శబ్దం. తరవాత రెండోది. ఆ పైన ఒకదాని వెంట ఒకటి, తీరిగ్గా.

గడియ తీసి అమ్మాయి బయటికి వచ్చింది. చేతిలో కాగితం ఉంది. కాగితం నిండా చిల్లులే, నల్ల చుక్క మాత్రం చెక్కుచెదరలేదు.

‘ఒక్కటీ మధ్యలో పడలేదు నాన్నా.’

‘గోడేమైనా...’ అన్నాడు బాబాయి.

‘గోడకేం. నేనే ఎక్కడెక్కడో కొట్టాను.’ అమ్మాయి చేత్తో చెంపలు తుడుచుకుంది. ‘కానీ ఏది ఎక్కడ పడిందో అంతా చూశాను. ఒక్కసారి కూడా కన్ను మూయలేదు. ఇంకో కాగితం ఇవ్వు.’