బీరువాలో నా ఒరిజినల్స్

నర్సింగ్ కోర్సు అవగానే మా దగ్గర్లోని టౌన్లో ఒక నర్సింగ్ హోమ్‌లో చేరాను. చేరిన రోజే మేడం, అంటే మాకు జీతాలిచ్చే డాక్టరుగారి భార్య, నా ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. కాయితాలు వాళ్ల దగ్గరుంటే మనం ఎక్కడికీ పోమని. పశువుల సంతలో కూడా డబ్బులు చేతిలో పడ్డాకే పలుపు ఇస్తారు. మేం ముందే ఇచ్చేశాం.

జీతం పెంచమంటే, "నీకంటే మన ఆయా నయం, ఏమీ అడగదు" అనేవారు మేడం. ఆయాకి సర్టిఫికెట్ లేదు కాబట్టి పెంచరు. నాకుంది కాబట్టి, అది వాళ్ల బీరువాలో ఉంది కాబట్టి, పెంచరు.

ఇంతలో గుంటూరులో ఒక పెద్దాసుపత్రి వాళ్లు ఇంటర్వ్యూకి పిలిచారు. జీతం దాదాపు రెట్టింపు. ఒరిజినల్స్ తేవాలన్నారు.

"ఒక్కరోజు ఇవ్వండి మేడం, పనుంది."

"అయ్యో, తాళంచెవి మా అత్తయ్యగారు పర్చూరు పట్టుకెళ్లారమ్మా."

పర్చూరు వెళ్లిన అత్తయ్యగారు మేడమీద సీరియల్ చూస్తున్న సౌండు కింద వార్డు దాకా వినపడుతోంది.

నా అదృష్టం, ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే ఆరోగ్యశాఖ తనిఖీ పడింది. తనిఖీ అంటే మాకు పెళ్లిసందడే. దుప్పట్లు మారతాయి, ఫినాయిల్ వరదలై పారుతుంది, బీరువా తెరుచుకుంటుంది. వచ్చిన అధికారి ఒక్కో నర్సునీ పిలిచి మొహం, కాయితం పోల్చి చూశాడు. నా వంతు రాగానే, "ఇవి మీవేనామ్మా?" అన్నాడు.

"నావేనండీ" అని ఆయన చేతిలోంచి అందుకున్నాను. "ఒక్క నిమిషం సార్, జెరాక్స్ తీయించుకొస్తా."

"మన దగ్గర మిషనుందిగా!" మేడం గొంతు కీచుమంది.

"పాడైందని మీరేగా చెప్పారు మేడం!"

తెల్ల యూనిఫాంతోనే మెట్లు దిగి, జెరాక్స్ షాపు దాటి, గుంటూరు బస్సెక్కాను. సీట్లో కూర్చున్నాక ఒకటే నవ్వు.

ఇంటర్వ్యూ బ్రహ్మాండంగా జరిగింది. "రేపే చేరండమ్మా" అన్నాడు అక్కడి మేనేజరు. "ఒరిజినల్స్ ఇచ్చి వెళ్లండి."

"ఎందుకండీ?"

"మధ్యలో మానేయకుండా."

"జీతం సరిగ్గా ఇస్తే నేనెందుకు మానేస్తానండీ?"

ఆయన చెయ్యి చాపి నా చేతిలోని కాయితాల ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస నేను వదల్లేదు. "చినిగిపోద్ది, వదలండి!" అని అరిచాను. వదిలాడు. ఉద్యోగం కూడా అక్కడితో వదిలింది.

ఆ సీజనంతా అమ్మతో మిరపకాయల కోతకెళ్లాను. నర్సుగా వచ్చినదానికంటే ఎక్కువే వచ్చింది. సిగ్గనిపించింది. కూలికెళ్లినందుకు కాదు, కూలి చేసి నన్ను చదివించిన అమ్మ పక్క సాలులోనే నేనూ వంగినందుకు. అమ్మ రెండు రోజులు నా వైపు చూడనే లేదు. మూడో రోజు సద్ది మూట విప్పుతూ అడిగింది.

"ఆ కాయితాలు జాగర్తగా పెట్టావా?"

"పెట్టానమ్మా."

"ఎవురికీ ఇవ్వమాక" అంది.