టీచరమ్మ పొద్దుటి ముక్క

టీచరమ్మ పోయిందని వనపర్తి నుంచి ఆమె అన్న కొడుకు ఫోన్ చేశాడు. "అత్త పొద్దుగాల పోయిందక్కా. చాయ్ తాగింది, కుర్సీల కూసుంది, గంతే" అన్నాడు. అయ్యో అనుకోకముందే నా మనసులో వచ్చిన ప్రశ్న చెబితే మీరు నన్ను తిట్టుకుంటారు. ఆ పొద్దున ఆమె రోజూలాగే పేకముక్క తీసిందా, తీస్తే అప్పుడు నేను గుర్తొచ్చానా అని. నా అనుమానం అట్లాంటిది. పెళ్లయిన కొత్తలోనే మా అత్త, "నీళ్లల్ల గూడ నీళ్లు కలిపిండ్రని అంటవ్ నువ్వు" అనేది.

నాగర్‌కర్నూల్‌లో ఏడేళ్లు మావి పక్కపక్క ఇళ్లు. ఆమె గద్వాల దగ్గర గట్టు అనే ఊరి దిక్కు మనిషి. ఇంగ్లీషు టీచరుగా రిటైరై ఒక్కతే ఉండేది. మా ఇద్దరి మధ్య నడుమెత్తు గోడ, దాని మీదుగా రోజూ పొద్దున్నే ఒకటే కనిపించేది. టీచరమ్మ అరుగు మీద పీట వేసుకుని, పాత గద్వాల చీర అంచులో చుట్టిన పేకముక్కల కట్ట విప్పేది. కలిపి, కలిపి, ఒక్కటి తీసేది. చాయ్ చల్లారేదాకా దాన్నే చూసేది. తర్వాత విత్తనాల దుకాణం వాళ్లు ఉత్తగా ఇచ్చిన డైరీలో రెండు వరుసలు రాసేది. రాశాక ఒక్కోసారి మా ఇంటి వైపు చూసేది. ఆ చూపు నాకు నచ్చేది కాదు.

ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాను.

"ఐర్లండ్ దిక్కు పాతకాలం బొమ్మలు బిడ్డా. కెల్టిక్ టారో అంటరు, కొందరు వీటితోని జాతకం జెప్తరు. హైదరాబాద్‌ల పాత పుస్తకాలమ్మే ఫుట్‌పాత్ మీద దొరికినయి" అంటూ గోడ మీద పరిచి చూపించింది. జింకలు, కాకులు, బావులు, వాటి చుట్టూ మెలికల ముగ్గులాంటి గీతలు. ఎక్కడో సముద్రం అవతలి వాళ్ల బొమ్మల్లో మన ముగ్గెందుకుందని నాకు ఇంకో అనుమానం.

"మరి అర్థం చెప్పే బుక్కేది?"

"లేదు. డబ్బల ఉత్త పత్తాలే ఉన్నయి." ముక్కను ఆమె పత్తా అనేది.

"బుక్కు లేకుంటే జాతకమెట్ల చెప్తరు?"

"చిలక జోస్యం గాదు బిడ్డా ఇది. బొమ్మ చూస్తె నిన్నటి సంది మనసుల ఏం గుంజుతుందో యాదికొస్తది. అది రాసుకుంట. పత్తా ఏం జెప్పదు. అడుగుతది."

నేను నమ్మలేదు. ఏమీ చెప్పని దాని ముందు రోజూ ఎవరైనా కూర్చుంటారా?

నిజం చెప్పాలంటే ఆ ముక్కల వల్ల మంచి జరగడం నేనే చూశాను. ఒకసారి నేను వాకిలి ఊడుస్తుంటే దుమ్ము తన వైపు వస్తోందని గట్టిగా అరిచింది. మర్నాడు పొద్దున్నే గోడ దగ్గరికి వచ్చి, "నిన్న నీ మీద కోపమొచ్చిందనుకున్న బిడ్డా. పొద్దుగాల పత్తా ముందర కూసుంటె తెల్సింది, కోపం నా మోకాళ్ల మీద" అంది. తప్పు తనదని అంత తేలిగ్గా ఒప్పుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. నా అంగన్‌వాడీ ఉద్యోగానికి దరఖాస్తు రాసిపెట్టిందీ ఆమే. ఈ రోజు నేను తింటున్న అన్నంలో ఆమె చేతిరాత ఉంది. అయినా నా అనుమానం నాదే.

ఒక వానాకాలం నా గంధం రంగు చీర మీద ఎర్రటి మరకలు పడ్డాయి. రెండు రోజులకు ఇంకో చీర మీద. రెండూ ఆమె గుంజకూ మా గుంజకూ కట్టిన దండెం మీద ఆరేసినవే. అదే వారం ఆమె చేతిలో ఒక ముక్క కనిపించింది. వాగులో బట్ట ఉతుకుతున్న ముసలామె, చుట్టూ నీళ్లు ఎర్రగా.

మా దిక్కు బట్టల మీద కారణం తెలియని మరకలు పడితే దానికి ఒకటే పేరు, బాణామతి. నేను ఆ మాట అనలేదు. పాలు పోయడానికి వచ్చిన పాలవ్వతో, "నా చీరె మీద మరకలు, ఆమె పత్తా మీద అదే బొమ్మ. నేనేమంటలేనవ్వా, నువ్వే సమజ్ చేస్కో" అన్నాను. అంతే అన్నాను. మూడో రోజుకల్లా టీచరమ్మ దగ్గర ఇంగ్లీషు ట్యూషన్‌కి వచ్చే పదో తరగతి పిల్లలు మానేశారు. ఆమె గేటు దగ్గర కుంకుమ పూసిన నిమ్మకాయలు పడ్డాయి. చేతబడి చేసిందని అనుమానించి పళ్లూడగొట్టారన్న వార్తలు పేపర్లో చదివినదాన్నే. ఆ మాట ఎంత దూరం పోతుందో నాకు తెలియదని అనలేను.

టీచరమ్మ బీపీ గోళీల కోసం దవాఖానకు పోయినప్పుడు, నల్లా వస్తే నీళ్లు పట్టమని ఇంటి తాళం నాకే ఇచ్చింది. నీళ్లు పట్టాను. కట్ట విప్పి ఆ ముసలామె ముక్క తీసుకున్నాను కూడా. కాల్చడానికి భయం, ఇంట్లో ఉంచడానికి భయం. ఇట్లాంటివి పారే నీళ్లలో వదిలితే పీడ పోతుందంటారు. ఆ ఆదివారం గద్వాల బస్సెక్కాను. బీచుపల్లి వంతెన మీద అందరూ కృష్ణమ్మకు దండం పెట్టి కిటికీలోంచి రూపాయి బిళ్లలు వేస్తుంటే, నేను బిళ్లతో పాటు ముక్కనూ వేశాను. దండం కూడా పెట్టాను, సిగ్గు లేకుండా.

నాలుగు రోజులకు టీచరమ్మ నైలాన్ తాడు చుట్ట పట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది. "దండెం తీగె తుప్పు వట్టింది బిడ్డా. వానకు ఆ తుప్పంత నీ చీరెలకు అంటింది. ఉప్పేసి, నిమ్మకాయతోని రుద్ది ఎండల వెయ్యి, పోతది." ఒక్క క్షణం ఆగి, "నిమ్మకాయలకు పరేషాన్ గాకు. నా గేటు కాడ మస్తుగున్నయి" అంది.

ఆ నిమ్మకాయతోనే రుద్దాను. మరక పోయింది. కానీ పాలవ్వను పిలిచి నేను పొరపాటు పడ్డానని మాత్రం చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం. మరుసటి ఏడు టీచరమ్మ ఇల్లు ఖాళీ చేసి వనపర్తిలో అన్న కొడుకు దగ్గరికి పోయింది. మోకాళ్ల నొప్పుల వల్ల అని నాకు నేను చెప్పుకున్నాను. నన్ను వేరే ఎవరో నమ్మించాలా, నేను చాలు.

పదకొండో రోజుకు వనపర్తి పోతే ఆమె అన్న కొడుకు గద్వాల అంచు మూట నా చేతిలో పెట్టాడు. "అత్త నీకే ఇయ్యమన్నదక్కా." నాకే ఎందుకని బస్సులోనే విప్పాను. కట్టలో ఒక ముక్క వేరుగా ఉంది. చాయ్‌పత్తా డబ్బా అట్ట కత్తిరించి, పెన్నుతో బొమ్మ గీసింది. రెండు గుంజలు, ఒక దండెం, దాని మీద ఒక చీర. కింద, మరకలు పడ్డ ఏటి డైరీ, ఒక పేజీ మడిచి ఉంది. ఆ పేజీలో రెండే వరుసలు: "ఒక పత్తా పోయింది, తీసిన మనిషికి భయం. నాకు గూడ భయమే, పగటిపూట తలుపు గడియ పెట్టుకొని కూసుంటున్న."

ఆమెకు తెలుసునన్నది నన్ను అంత గుచ్చలేదు. ఆమె భయపడిందన్నదే గుచ్చింది. గోడకు ఇవతల నేను నా భయాన్నే చూసుకుంటూ కూర్చున్నాను, అవతల గడియ పడిన చప్పుడు వినలేదు. వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ దాకా ఏడ్చాను.

ఇప్పుడు రోజూ పొద్దున ఒక ముక్క తీస్తున్నాను. నమ్మకంతో కాదు. జింకలొచ్చాయి, కాకులొచ్చాయి. అట్టముక్క రాకుండా నేనే కట్ట అడుగుకు నెడుతున్నానేమోనని నా చేతుల మీద నాకే అనుమానం. ఈ పొద్దున అదే వచ్చింది. సరిగ్గా అప్పుడే పాలవ్వ గేటు తీసింది.

"అవ్వా, జర ఆగు. టీచరమ్మ మీద అప్పుడు నేను జెప్పింది తప్పు. గా మరకలు దండెం తుప్పు. మరుసటి వారమే తెల్సింది నాకు."

పాలవ్వ పాలు కొలిచే గిన్నె అట్లాగే పట్టుకుని నా ముఖంలోకి చూసింది. "ఆమె పోయినంక జెప్తున్నవా?"

"నువ్వెవరెవరికి జెప్పినవో యాదుందా? ఆళ్లందరికి నేనే పోయి జెప్త."

ఆమె ఖాళీ చేతి బొటనవేలు వేళ్ల కణుపుల మీద పెట్టి, ఒక్కో ఇల్లూ తలుచుకోవడం మొదలుపెట్టింది. ఆ చేతి కణుపులు అయిపోయాయి. గిన్నె కింద పెట్టి, రెండో చెయ్యి తెరిచింది.