పడవ అడుగుకు మైనం

తొంభైల్లో మాట. నాంపల్లి స్టేషన్ వెయిటింగ్ హాల్లో పక్కన కూర్చున్నాయన దగ్గర చేపల కంపు. రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

ఆయన ఆబిడ్స్‌లో కొన్న మైనం డబ్బా చూపించాడు. "సార్, పడవకు నీళ్ళల్ల మునిగే అడుగు గూడ రుద్దాల్నా?"

"నాకు ఐదు పడవలున్నయ్. ముందు అడుగే రుద్దాలె," అన్నాను.

"అడుగుకు తారు పూస్తం గద, మైనం మీద గది పట్టుకుంటదా? పట్టకుంటే నీళ్ళొస్తయ్. నాకున్నది గదొక్కటే పడవ."

నా మీద నాకే రోత పుట్టింది. "ఐదు లేవు, ఒక్కటీ లేదు. నా మాట నమ్మకున్రి."

"నాకెర్కే సార్. పడవలున్నోడు చేపల వాసనకు ముక్కు మూస్కుంటడా?"

రుమాలు తీసేసి, ఆయన బండి వచ్చేదాకా రెండు గంటలు పక్కనే కూర్చున్నాను. రెండు గంటలన్నదీ కోతే, పది నిమిషాలు.