ఖాళీ గూడు చూపించని ఊరు

మా ముత్తాత నిజాం జమానాలో అడవి అంచు ఊళ్లకు మక్తేదారు. శిస్తు ఆయనే వసూలు చేసి, తన వాటా ఉంచుకుని, మిగతాది సర్కారుకు పంపేవాడు. ఆయన గుర్రం దిగి లోపలికి వెళ్లేదాకా ఊళ్లో మగవాళ్లు కూర్చునేవారు కాదట. మా తాత శిస్తు వసూలు చూసే మాలీ పటేలు. తల్లాడ నుంచి ఇటు అడవి దాకా భూమి తగాదా ఏదొచ్చినా ఆయన మాటతోనే తెగేది. మా నాన్నకు ఏ హోదా లేకపోయినా చివరిదాకా పటేలు అనే పిలిచారు. సీలింగు చట్టం కింద పోయింది పోగా, కోర్టుల చుట్టూ తిరగడానికి పోయింది పోగా, ఆయన నుంచి నాకు వచ్చినవి ఎవరికీ అక్కర్లేని గులకరాళ్ల చెలక, పెచ్చులూడుతున్న గడి, వీపు వాల్చకుండా కూర్చునే అలవాటు. గొప్ప కోసం ఇవన్నీ రాయడం లేదు. నా పరిశోధన ఎందుకు చెడిందో చెప్పాలంటే ముందు ఇవి చెప్పక తప్పదు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో నేను హైదరాబాదులో పక్షుల మీద పిహెచ్‌డీ చేస్తున్నాను. నా పిట్ట తీతువు. రాత్రి అది ఇంటి మీదుగా అరుచుకుంటూ పోతే ఎవరికో మూడిందని మా వైపు భయపడతారు. అది చెట్టెక్కదు. బయలు నేల మీద చిన్న గుంట చేసి, చుట్టూ గులకరాళ్లు పేర్చి, మట్టిరంగు మీద నల్లమచ్చలున్న నాలుగు గుడ్లు పెడుతుంది. ఉడుము, ముంగిస, కాకి, కుక్క, మేకల గిట్టలు, అన్నీ వాటికి శత్రువులే. గుడ్లు పోతే తల్లి మళ్లీ పెడుతుంది. ఆ రెండోసారి తన ఒంటి సత్తువలో ఎంత గుడ్లకు పెడుతుంది, వచ్చే వేసవి దాకా బతకడానికి ఎంత దాచుకుంటుంది? అడవి వైపు గుడ్లు పోయే భయం ఎక్కువ, ఊరి వైపు తక్కువ. మరి రెండు వైపులా తల్లులు ఒకే తీరుగా నడుచుకుంటాయా? తరతరాలుగా ఆ భయం వాటి బతుకును ఎలా మలిచిందన్నదే నా ప్రశ్న.

దీనికి జవాబు దొరకాలంటే కొన్ని గుడ్లు పోవాలి. పోయినవి పోయినట్టు నా కంటబడాలి. నాకున్నవి రెండు వేసవులు. ఆ తర్వాత ఫెలోషిప్ ఆగిపోతుంది. ఆ రెండు వేసవుల్లో సరైన లెక్క రాకపోతే థీసిస్ లేదు, పేరు ముందు డాక్టరు లేదు. పిట్టల చదువేమిటని పెళ్లిళ్లలో నా ముందే నవ్విన బంధువులకు ఇంకో నవ్వు మిగులుతుంది.

అడవిలో పని చేయాలంటే అనుమతి కోసం ఆఫీసుల ముందు నిలబడాలి. మా ఇంట్లో అది ఎవరికీ అలవాటు లేని పని. మా చెలక ఒక అంచు అడవికి ఆనుకుని ఉంది, రెండో అంచు ఊరి పొలాల్లో కలుస్తుంది. నా ప్రశ్నకు ఇంతకంటే మంచి చోటు లేదని మా గైడు మేడమ్‌కు రాశాను. ఆమె ఒప్పుకుంది. గడిలో కురవని రెండు గదులు ఊడ్పించి అందులో దిగాను.

కావలికి మా తాత కాలం నుంచీ మా ఇంటిని నమ్ముకుని ఉన్న కుటుంబంలోని ముసలాయనను పెట్టుకున్నాను. మేకలు గూళ్ల మీద నడవకుండా, పిల్లలు గుడ్లు ఎత్తుకుపోకుండా చూడటం ఆయన పని. మిగతా దేన్నీ ముట్టుకోవద్దని చెప్పాను. ఆయన భార్య చెలక గట్ల మీద మేకలు మేపేది. ఆయన మాట్లాడాల్సినవి కూడా ఆమే మాట్లాడేది.

మొదటి వేసవిలో వారం తిరగకముందే, నేను చూపించిన ప్రతి గూడు చుట్టూ రేగు కంప నిలబడింది. మోకాలెత్తు, గట్టిగా, ఉడుము కాదుకదా ఎలుక కూడా దూరనట్టు. ఒక తీతువు తన గూట్లోకి తానే దారి దొరకక బయట తిరుగుతూ అరుస్తోంది.

"ఎవరు వేశారిది?"

"నేనే దొరా," అన్నాడు ముసలాయన, మెచ్చుకుంటానని ఎదురుచూస్తూ. "ఇగ ఏదీ రాదు."

"రావాలి. ఉడుము వస్తే రానీ. తింటే తిననీ. నువ్వు చూసి నాకు చెప్పు, అంతే."

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

"పిట్టలను సాదనీకె వచ్చినవా, ఉడుములను సాదనీకె వచ్చినవా దొరా?" అంది.

కంప తీయించాను. నాలుగు రోజులకు ఈత పొద దగ్గరి గూడును ఉడుము ఖాళీ చేసింది. నాకు అవసరమైనదే జరిగింది, కానీ అది నేను మొట్టమొదట కనిపెట్టిన గూడు. చాలాసేపు అక్కడే గొంతుక్కూర్చున్నాను. ముసలాయన కొంచెం దూరంలో నిలబడి నన్నే చూస్తున్నాడు. గూడు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆ తర్వాత ఆ వేసవిలో నష్టాలు బాగా తగ్గాయి. వానలు త్వరగా పడి ఉడుములు ఎటో పోయాయనుకున్నాను.

రెండో వేసవిలో అసలు పోవడమే లేదు. రోజూ పొద్దున్నే టోపీ పెట్టుకుని బయలుదేరేవాణ్ణి. అడవి వైపు, ఊరి వైపు, ఏ గూడు చూసినా నాలుగు గుడ్లు. ముసలాయన నా వెనకే వచ్చి ప్రతి గూడు దగ్గరా "నిండుగున్నది దొరా" అనేవాడు. నా పుస్తకంలో రాయడానికి ఏమీ ఉండేది కాదు. ఎక్కడా ఏమీ పోని చోట, పోయాక తల్లి ఏం చేస్తుందని ఎవరిని అడగాలి? ఎండకు కళ్లు మండేవి. సాయంత్రం గడిలో కూర్చుని, ఏ పిట్టకూ ఏ కష్టమూ రాని ఈ చెలకను ఎందుకు ఎంచుకున్నానా అని నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి.

గుడ్డు వయసు తెలుసుకోవడానికి దాన్ని నీళ్లలో వేసి చూస్తాం. కొత్త గుడ్డు అడుగున పడుకుంటుంది. పొదుగుడు సాగేకొద్దీ లోపలి గాలి గది పెరిగి, లావు వైపు పైకి లేస్తుంది, ఆఖరుకు తేలుతుంది. మేకలావిడకు ఇది పెద్ద వినోదం.

"ఏంది దొరా, గుడ్లకు తానం పోస్తున్నవా? వీపు గూడ రుద్దు."

ఒక రోజు ఒకే గూట్లోని నాలుగు గుడ్లలో రెండు అడుగున పడుకున్నాయి, రెండు నిటారుగా నిలబడ్డాయి. తీతువు నాలుగూ పెట్టాకే పొదుగుతుంది కాబట్టి నాలుగూ ఒకే వయసులో ఉండాలి. ఇంకో గూట్లో చూశాను. మూడు తేలాయి, ఒకటి మునిగింది. అలాంటివే మరికొన్ని, అన్నీ అడవి వైపే. తడి చేత్తోనే పుస్తకం తీశాను. రెండు తల్లులు ఒకే గూట్లో గుడ్లు పెడుతున్నాయి. భయం ఎక్కువగా ఉన్న చోట గుడ్లన్నీ ఒకేచోట పెట్టకుండా పక్కదాని గూట్లో కొన్ని దాస్తున్నాయి. ఈ పిట్టలో ఇది ఎవరూ చూసినట్టు నేను చదవలేదు. ఆ రాత్రి అన్నం తింటూ మొదటి పేరాను మనసులోనే రాసుకున్నాను. మర్నాడు కొత్తగూడెం వెళ్లి మేడమ్‌కు ఫోను చేశాను. ఆమె నా మాట పూర్తిగా వినకుండానే రైలు టికెట్టు చూసుకుంటానంది.

భద్రాచలం రోడ్ స్టేషన్లో దిగిన మేడమ్ నేరుగా చెలకకే వచ్చింది. గుడ్లు నీళ్లలో వేసి తానే చూసుకుంది. ముఖం వెలిగింది. వెంటనే ముడిపడింది.

"గుడ్ల మీద గుర్తులేవి?"

"పెట్టలేదు మేడమ్. గుర్తు చూసి కాకులు నేర్చుకుంటాయి."

"గుర్తు లేకపోతే ఏ గుడ్డు ఎప్పుడు వచ్చిందో ఎలా చెప్తావు?"

కాకుల సంగతిలో నేను ఇప్పటికీ నా మాట మీదే ఉన్నాను. కానీ అప్పుడు వాదించలేదు. ఆమె అడవి వైపు గూళ్లన్నింటిలో గుడ్ల మీద పెన్సిలుతో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు వేసింది. కొత్తగా అంకె లేని గుడ్డు ఐదోదిగా కనిపిస్తే రెండో తల్లి వచ్చినట్టే. ముసలాయన పక్కనే కూర్చుని ఆమె చేతివేళ్లను శ్రద్ధగా చూశాడు.

మేడమ్ భద్రాచలంలో బస చేసి రెండు రోజుల తర్వాత పొద్దున్నే వచ్చింది. మొదటి నాలుగు గూళ్లలో వేసిన అంకెలు వేసినట్టే ఉన్నాయి. ఐదో గూడు దగ్గర ఆమె వంగి, అలాగే ఆగిపోయింది.

"రెండు గుడ్ల మీద రెండు అనే ఉంది. మిగతా రెండింటి మీద మూడు. ఒకటీ నాలుగూ ఏమయ్యాయి?"

నేనూ వంగి చూశాను. రెండు గుడ్ల మీద సన్నని పెన్సిలు గీత. మిగతా రెండింటి మీద అవే అంకెలు, నల్లగా, లావుగా, కొంచెం వంకరగా. గూటి పక్క ఇసుకలో ఉడుము తోక ఈడ్చిన జాడ స్పష్టంగా ఉంది.

"గీత జెరంత లావైంది దొరా," అన్నాడు ముసలాయన వెనక నుంచి. "బొగ్గు గద."

మేకలావిడ అప్పటికే గట్టు దిగి వచ్చేసింది.

"నేను రాత్రే జెప్పిన. రాతల జోలికి పోకు, సదువుకున్నోళ్లు పడతరని. ఇంటడా?"

"ఎప్పటి నుంచి చేస్తున్నావు ఇది?" అన్నాను. నా గొంతు నాకే మా తాత గొంతులా వినిపించింది. అడిగింది ముసలాయనను. జవాబు ఆమే చెప్పింది.

"పోయిన యాడాది ఈత పొద కాడి గూడు ఉడుము తిన్ననాడు నువ్వు బువ్వ తిన్నవా? టిఫిన్ డబ్బ ఎట్ల తెచ్చినవో అట్లనే వాపసు తీస్కపోయినవ్. ఇగ ఈయన ఊకుంటడా? రెండు తగ్గితే రెండు తెచ్చి పెడతడు, ఒకటి తగ్గితే ఒకటి. దొర ముందల గూడు ఖాళీగ ఉండొద్దంటడు."

"ఎక్కడి నుంచి తెచ్చాడు?"

"కంచె అవతలి చెలకల్లకెల్లి," అన్నాడు ముసలాయన. "అవి మన పిట్టలు గావు దొరా."

మేడమ్ గట్టు మీద కూర్చుండిపోయింది. ముందు దగ్గుతోందనుకున్నాను, కాదు, నవ్వు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వింది. మేకలావిడకు ధైర్యం వచ్చి ఆమె పక్కనే చతికిలబడింది.

"మా మామ గూడ గిట్లనేనమ్మా. దొర తాత చేపలకు మనిషిని తోలితే చెరువుల ఒక్కటి గూడ పడకపోయేది. మా మామ పక్కూరికి పోయి పట్టి తెచ్చి గడిల ఇచ్చేటోడు. పెద్దదొర మన చెరువు చేప రుచే వేరు అని తినేటోడు."

మేడమ్ మళ్లీ నవ్వబోయి, నా ముఖం చూసి ఆపుకుంది. మా ఇంట్లో ఆ చెరువు చేప మాట నేను ఎన్నిసార్లు విన్నానో. ఆ చెరువు మీద హక్కు కోసం మా నాన్న ఏళ్ల తరబడి కోర్టుకు తిరిగాడు. అందులో చేపలే లేవని మా తాతకు ఎవరూ చెప్పలేదు, ఆయన మా నాన్నకు చెప్పలేదు.

ముసలాయనను తిట్టలేకపోయాను. ఏమని తిట్టాలి? తీతువు కూత వింటేనే ఉమ్మేసే మనిషి, నా కోసం దాని గుడ్లు కండువాలో మూటగట్టుకుని తెచ్చాడు. ఉన్నది ఉన్నట్టు చూపించమని రెండేళ్లుగా నేను చెప్పిన మాట ఆయనకు అర్థం కాలేదని అనను. నేను చెప్పింది నిజంగా అంటున్నానని ఆయన నమ్మలేదు. మా వాళ్లు అలాంటి మాటను ఎప్పుడూ నిజంగా అనలేదు కదా.

స్టేషనుకు వెళ్తున్నప్పుడు జీపులో మేడమ్ మాట నెమ్మదిగానే చెప్పింది.

"ఈ రెండేళ్ల లెక్కా పక్కన పెట్టెయ్. ఏ గూట్లో ఏది అసలుదో మనం చెప్పలేం. పొడిగింపు ఒక్క ఏడు ఇప్పించగలను, డబ్బు ఇప్పించలేను. ఈసారి నిన్ను ఎరగని చోటు చూసుకో."

"మా చెలక కంటే మంచి చోటు దొరకదు మేడమ్."

"పిట్టలకు మంచిదే," అంది, బయటికి చూస్తూ.

ఆ చలికాలమంతా చోటు కోసం తిరిగాను. అనుమతి కోసం ఆఫీసుల ముందు నిలబడ్డాను, కూర్చోమని ఎవరూ అనలేదు. ఆఖరుకు కొత్తగూడెం దాటాక, అడవి లోపలి దారిలో ఒక పల్లె దొరికింది. వాళ్లలో వాళ్లు మాట్లాడుకునే భాష నాకు తెలియదు. నాతో తెలుగులో మాట్లాడేవారు. ఏ ఊరని అడిగారు, చెప్పాను. ఆ పేరు వాళ్లెప్పుడూ వినలేదు. గనిలో పనిచేసి మానేసిన ఒకాయన తన పొలం అంచున పాక కిరాయికి ఇచ్చాడు.

మా ఊరు వదిలేముందు ముసలాయన గడి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"మా మీద కోపమా దొరా?"

"కాదు."

"మరి గక్కడ గూళ్లు ఎవరు జూస్తరు?"

"ఎవరూ చూడరు."

ఆయనకు ఆ మాట నచ్చలేదు. నా సామాను బస్సు దాకా మోసి, వెనక్కి వెళ్లిపోయాడు.

కొత్త చోట రెండో వారంలోనే ఒక పొద్దున పాక ఆయన వేపపుల్ల నములుతూ వచ్చి, "నీ గుడ్లు ఉడుము తిన్నది, పోయి జూస్కో," అని, నా ముఖం వైపు చూడకుండానే వెళ్లిపోయాడు. వెళ్లి చూశాను. గుంట ఖాళీగా ఉంది. పుస్తకంలో రాసుకున్నాను. తల్లి అవతలి గట్టు మీద అరుస్తోంది. అది మళ్లీ పెడుతుందో లేదో, పెడితే ఎన్ని పెడుతుందో, ఆ వేసవి పొడుగునా చూడాలి.

ఆ వేసవి పాక కిరాయికి, మోటారుసైకిలుకు, పెట్రోలుకు గడి వసారాలోని టేకు స్తంభాలన్నీ, వీధి తలుపుల జత, లోపలి ఊయల బల్ల హైదరాబాదు నుంచి వచ్చిన పాత కలప వ్యాపారికి అమ్మాను.